తెలిసిన మనిషి: హఫీజ్‌పేటకు వచ్చినవారికి పని దొరికిన వైనం

ఈ శతవార్షికోత్సవ సంచికలో సంఘాల చరిత్రలు, దేవాలయ నిర్మాణాల చరిత్రలు, గతించిన అయ్యగార్ల జీవిత విశేషాలు ఎటూ ఉంటాయి. వాటిని వ్రాయడానికి మాకన్న అర్హులైన పెద్దలున్నారు. మేము మాత్రం, ఆ దేవాలయాల్లో బల్లల మీద కూర్చున్న మనుషులు ఈ పట్నానికి ఏ దారిన వచ్చారో, వచ్చినవారికి పని ఎవరు చూపించారో, అందులో కొందరు పైకి వచ్చి మరికొందరు వచ్చిన చోటనే ఎందుకు నిలిచిపోయారో, ఆ సంగతి వ్రాయదలచాము. సంఘపు రిజిష్టరులో బాప్తిస్మపు తేదీ ఉంటుంది, పెండ్లి తేదీ ఉంటుంది. పనిలో చేరిన తేదీ ఉండదు. కాని కుటుంబాల రాతను మార్చినవాటిలో ఆ మూడవ తేదీ తక్కువది కాదు.

ఉదాహరణకు హఫీజ్‌పేటను తీసుకున్నాము. వాడి నుండి సికింద్రాబాదుకు నిజాంగారి రైలు మార్గం 1874లో పడింది. హఫీజ్‌పేట ఆ మార్గం మీది పల్లె. దానికి ఇరుప్రక్కలా 1960లలో పెద్ద కర్మాగారాలు లేచాయి. పడమట రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., తూర్పున బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్, 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఇన్ని పెద్ద పేర్ల నడుమ హఫీజ్‌పేట చాలాకాలం పల్లెగానే మిగిలింది. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించిన తరువాత దాని గతి మారింది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు వచ్చాయి. హైటెక్ సిటీ స్టేషనుకు ఇవతలి స్టేషనే హఫీజ్‌పేట. 2007లో శేరిలింగంపల్లి ప్రాంతమంతా గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయింది. అద్దాల మేడలు కట్టేవారికీ, ఆ మేడల్లో కూర్చుని పని చేసేవారికీ, ఇద్దరికీ తక్కువ అద్దెకు గది దొరికే చోటు కావడం వలన పాత హఫీజ్‌పేట సందులు నిండిపోయాయి.

ఆ ప్లాట్‌ఫారం మీద ప్రొద్దున్నే నిలబడి చూస్తే రెండు రకాల సంచులు కనబడతాయి. ఒకటి భుజానికి వేలాడే నల్లని కంప్యూటరు సంచి. రెండవది తాపీ, తూకపు గుండు, అన్నం గిన్నె కలిపి కట్టిన గోనె సంచి. చదువులో, జీతంలో ఈ ఇద్దరికీ పోలిక లేదు. కాని పని దొరికిన విధానంలో మాత్రం ఇద్దరూ అన్నదమ్ములే. పాలమూరు నుండి వచ్చినా, మెదక్, నల్లగొండల నుండి వచ్చినా, శ్రీకాకుళం నుండి వచ్చినా, ఒడిశా, బీహారు, బెంగాలుల నుండి వచ్చినా, మేము మాట్లాడినవారిలో చాలామంది "మావాడొకడు ఇక్కడున్నాడు" అనే మాటతోనే తమ కథ మొదలుపెట్టారు. కట్టడం దగ్గర కొత్తవాణ్ణి అడిగే మొదటి ప్రశ్న "నీకేం పని వచ్చు?" కాదు, "నువ్వు ఎవరి మనిషివి?" అన్నది.

మా విచారణలో తేలినది ఒక్కమాటలో చెప్పి ముందుకు సాగుతాము. తెలిసిన మనిషి మొదటి పనిని త్వరగా ఇప్పిస్తాడు. కాని ఆయన ఇప్పించగలిగేది ఆయనకు తెలిసిన పనినే. ఆయన మెట్టు ఎంత ఎత్తున ఉంటే వచ్చినవాడి మొదటి అడుగు అంతే ఎత్తున పడుతుంది. ఆ పైమెట్టు ఎక్కడానికి వేరొక మనిషి తెలియాలి. ఆ మనిషి తరచుగా మన ఊరివాడు కాడు, మన కులంవాడు కాడు, మన సంఘంవాడూ కాడు.

ఇది హఫీజ్‌పేటతో మొదలైన సంగతి కాదు. తెలుగువారికి ఇందులో నూరేళ్ళకు పైబడిన అనుభవం ఉంది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుండి మన కోస్తా జిల్లాల వారు బర్మాకు తండోపతండాలుగా పోయిన రోజులున్నాయి. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు మీదనే తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అన్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూను పట్టణంలో సగానికి పైగా భారతీయులే. అందులో తెలుగువారు ఓడరేవులో బరువులు మోశారు, ధాన్యపు మిల్లుల్లో పని చేశారు. వారిని తీసికొనిపోయినవాడు మేస్త్రీ. ఓడ ఛార్జీ ఆయన పెట్టేవాడు, ఇంటి దగ్గర అప్పు తీర్చడానికి బయానా ఇచ్చేవాడు, రంగూనులో ఉండే చోటు చూపేవాడు. ఆయనపైన మరొక మేస్త్రీ, ఆపైన పెద్ద మేస్త్రీ, అందరికీ పైన కంట్రాక్టరు. కూలి పైనుండి క్రిందికి ఒక్కొక్క చేయి దాటి వచ్చేసరికి ప్రతి చేతిలోనూ కొంత అంటుకునేది. ఆ మేస్త్రీ పరాయివాడా అంటే కాడు. తరచుగా అదే ఊరివాడు, అదే భాషవాడు, కొన్నిసార్లు చుట్టం కూడా. ఆయన లేకపోతే ఆ కూలీ రంగూను చూసేవాడే కాదు. ఆయన ఉన్నందువలన ఆ కూలీ ఏళ్ళ తరబడి కూలీగానే ఉండిపోయాడు.

ఆ కథకు ఇంకొక ప్రక్క కూడా ఉంది. ఒక పని మొత్తం ఒక వర్గం చేతిలో ఉంటే బయటివారికి అందులో చోటుండదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మావారిని పెట్టుకున్నారు. తరువాత రాజీ కుదిరి తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే, పెట్టుకున్న బర్మావారిని పొమ్మన్నారు. అక్కడ పుట్టిన కొట్లాట పట్టణమంతా ప్రాకి అనేకుల ప్రాణాలు తీసింది. 1942లో జపానువారి దండయాత్రతో లక్షల మంది భారతీయులు కాలినడకన అడవులు దాటి వచ్చేసరికి ఆ రేవు కథ ముగిసింది. మనవారు కట్టుదిట్టంగా పట్టుకున్న పని, మనకు బలంగా కనబడేదే, పొరుగువాడికి మూసిన తలుపుగా కనబడుతుందని ఆనాటి యువకులకు ఎవరు చెప్పగలరు?

ఇక పాలమూరు విషయం. హైదరాబాదులో మేడ కట్టిన ఏ ఇంజనీరుకైనా పాలమూరు లేబరు పేరు తెలుసు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం మొదలుకొని దేశం నలుమూలలా కట్టిన ఆనకట్టలు, కాలువలు, రోడ్లలో పాలమూరువారి పార పడని చోటు తక్కువ. అక్కడ పద్ధతి గుంపు మేస్త్రీది. పంటలు లేక అప్పులు మీద పడిన సమయంలో గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. తీసికొన్న మగడు, పెండ్లాము కలిసి ఒక జంటగా లెక్క. నెలల తరబడి పని. వారం వారం తిండికి ఖర్చీ ఇస్తారు, లెక్క చివర చూస్తారు. లెక్క చూసేనాటికి ఎవరికెంత మిగులుతుందో మేస్త్రీ పుస్తకానికే తెలియాలి. ఇటువంటి పద్ధతుల వలన కలిగిన కష్టాలను చూసే 1979లో పార్లమెంటు రాష్ట్రాంతర వలస కార్మికుల చట్టం చేసింది. చట్టం రావడం వేరు, అది పని జరిగే చోటికి చేరడం వేరు.

అయినా గుంపు మేస్త్రీని కేవలం దుర్మార్గుడిగా చిత్రించడం న్యాయం కాదని మా అభిప్రాయం. బ్యాంకు అప్పివ్వని ఇంటికి ఆయన అప్పిచ్చాడు. జ్వరం వస్తే మందు తెచ్చాడు. దూరదేశంలో మనిషి పోతే శవాన్ని ఇంటికి చేర్చింది చాలా చోట్ల ఆయనే. పరిచయం, అప్పు, పని, ఈ మూడు ఒకే మనిషి చేతిలో ఉండడమే అసలు చిక్కు. పని నచ్చకపోతే మానివేయగలిగినవాడికి బేరమాడే శక్తి ఉంటుంది. పని మానాలంటే అప్పు తీర్చాలి, ఊళ్ళో మాట పడాలి, చుట్టరికం చెడగొట్టుకోవాలి అన్నప్పుడు ఆ శక్తి ఎక్కడిది? 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌళివాక్కంలో కట్టుబడిలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, మృతుల్లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారు ఎందరో ఉన్నారు. ఒకే ఊరి మనుషులు ఒకే పనిలో ఉంటే సంపాదన కలిసి వస్తుంది. ఆపద కూడా కలిసే వస్తుంది.

ఈ విషయాన్ని పండితులు కూడా లెక్కలు వేసి చూశారు. కైవన్ మున్షీ అనే అర్థశాస్త్రవేత్త 2003లో మెక్సికో పల్లెల నుండి అమెరికాకు వలసపోయినవారి గూర్చి ఒక వ్యాసం ప్రకటించారు. ఆయన వానల లెక్కలు తీశారు. ఊళ్ళో వానలు పడని ఏళ్ళలో ఎక్కువమంది వలస పోతారు గదా. అట్లా కొన్నేళ్ళ క్రితమే పోయి స్థిరపడినవారు ఎక్కువగా ఉన్న ఊళ్ళ నుండి తరువాత పోయినవారికి పని దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నదనీ, పొలం కూలి కాక మెరుగైన జీతపు పని దొరికే అవకాశం కూడా ఎక్కువనీ ఆయన తేల్చారు. పాలమూరు కరవులు ఎరిగినవారికి ఇది చదివితే ఆశ్చర్యం కలుగదు. ముందు తరం ఎండలో పడిన కష్టం తరువాత తరానికి పరిచయమై ఉపయోగపడింది.

ఇక్కడ మెలిక ఒకటుంది. లోరీ బీమన్ అనే ఆమె అమెరికాకు శరణార్థులుగా తేబడినవారి గూర్చి 2012లో ప్రకటించిన పరిశోధన ఆ మెలికను చూపిస్తుంది. ఒక పట్టణంలో తమ దేశంవారు చాలాకాలంగా ఉంటే కొత్తగా వచ్చినవారికి మేలు జరిగింది. తమకన్న ఒక ఏడాది ముందు మాత్రమే వచ్చినవారు ఎక్కువగా ఉంటే కీడు జరిగింది. కారణం సులభంగానే బోధపడుతుంది. నిన్న వచ్చినవాడు ఈరోజు వచ్చినవాడికి ఏమి చూపగలడు? ఇద్దరూ ఒకే నలుగురిని పని అడుగుతారు. వంద మంది మనవాళ్ళు ఉన్నారు అనుకొని దిగినవాడికి, ఆ వంద మందీ అదే పని కోసం వరుసలో ఉన్నారని దిగిన తరువాత తెలుస్తుంది.

దానిని కళ్ళారా చూడాలంటే అడ్డాకు పోవాలి. హఫీజ్‌పేటకు చుట్టుప్రక్కల లేబర్ అడ్డాలున్నాయి. తెల్లవారకముందే ఆడ, మగ వచ్చి నిలబడతారు. మోటారు సైకిలు మీద ఎవరో వచ్చి ఆగగానే పదిమంది మూగుతారు. గుంపు మేస్త్రీ చేతి క్రింద లేనివాడు, లేదా ఆ చేతి క్రింద నుండి తప్పించుకున్నవాడు, ఇక్కడ కనబడతాడు. అతనికి అప్పు లేదు, స్వేచ్ఛ ఉంది, కాని పది దాటితే ఆరోజు పని లేదు. రోజుకూలి చూస్తే గుంపు పనికన్న ఎక్కువే పలుకుతుంది. నెల మొత్తం కలిపి చూస్తే లెక్క తారుమారు కావచ్చును. అడ్డా మీద మెరుగ్గా నిలదొక్కుకున్నవారు ఎవరని మేము విచారిస్తే, ఇద్దరు ముగ్గురు ఇంటి యజమానుల ఫోను నంబర్లు సంపాదించుకొన్నవారని తెలిసింది. ఆ యజమాని మరొక యజమానికి చెబుతాడు. తాపీ పని కొంచెం శుభ్రంగా చేసే ఒక మనిషి అట్లా చిన్న మేస్త్రీ అవుతాడు. అతని అసలు పెట్టుబడి తాపీ కాదు, ఆ నంబర్లే.

ఇప్పుడు కంప్యూటరు సంచి వైపు చూద్దాము. చదువుకున్నవారికి అర్హతే చాలు, పరిచయం ఎందుకు అని మనలో చాలామంది అనుకుంటారు. అమీర్‌పేటలో కోర్సు చేసి, నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూసిన ఏ కుర్రవాణ్ణి అడిగినా నిజం చెబుతాడు. ఆ గదిలో మొదట ఉద్యోగం వచ్చినవాడు మిగిలినవారి కాగితాలు తన కంపెనీలో ఇస్తాడు. అట్లా తెచ్చినవాడికి కంపెనీయే బహుమానం ఇచ్చే పద్ధతి ఉంది. గుంపు మేస్త్రీ కమీషనుకు ఇది సూటూ బూటూ వేసిన రూపం అని కొందరు నవ్వుతారు కాని, ఇక్కడ అప్పు లేదు, మానివేసే స్వేచ్ఛ ఉంది. ఆ భేదం చిన్నది కాదు. అయితే సముద్రం దాటిన చోట ఈ రెండు పద్ధతులు మళ్ళీ దగ్గరపడ్డాయి. షియాంగ్ బియావో అనే చైనా పండితుడు మన తెలుగు కంప్యూటరు ఉద్యోగులను హైదరాబాదులోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ చూసి 2007లో ఒక పుస్తకం ప్రకటించారు. 'బాడీ షాపు' అని పిలిచే ఏజెంట్లు మనుషులను తెచ్చి, పని దొరికేవరకు కూర్చోబెట్టి, దొరికాక జీతంలో భాగం తీసుకునే తీరును అందులో వివరించారు. ఆ ఏజెంట్లలోనూ తెలుగువారున్నారు. విదేశీ ఉద్యోగం వెనుక ఇంటి భూమి, కట్నం, కుల బంధం ఎట్లా పెట్టుబడిగా మారాయో కూడా అందులో చదువవచ్చును. రంగూను ఓడకూ, సిడ్నీ విమానానికీ నడుమ తొంభై ఏళ్ళు గడిచినా మేస్త్రీ మాత్రం దిగిపోలేదు.

చదువుకున్నవారి విషయంలో మరొక గుర్తింపు కూడా ఉంది. మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికా పండితుడు బాస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారిన వృత్తి నిపుణులను విచారించి 1973, 1974 సంవత్సరాల్లో తన ఫలితాలు ప్రకటించారు. సగానికి పైగా, వందకు 56 మంది, పరిచయస్థుల ద్వారానే ఉద్యోగం సంపాదించారు. వింత ఏమంటే, ఆ పరిచయస్థులలో ఎక్కువమంది ప్రాణస్నేహితులు కారు. ఎప్పుడో ఒకప్పుడు కలిసేవారు, పాత ఉద్యోగంలో ముఖపరిచయం ఉన్నవారు. మన ఇంట్లోవారికి తెలిసినది మనకూ తెలుసు. మనకు తెలియని కబురు దూరపు మనిషి దగ్గరే ఉంటుంది.

ఇది మన సంఘాలకు దగ్గరగా తగిలే విషయం గనుక కొంత చెప్పక తప్పదు. పల్లె నుండి పట్నం వచ్చిన మన పెద్దలు ఊరి అయ్యగారి దగ్గర ఒక ఉత్తరం తెచ్చుకునేవారు. పట్నం సంఘంలో చేర్చుకోవడానికి వ్రాసిన ఆ కాగితమే ఉద్యోగానికి సిఫారసుగా కూడా పనిచేసింది. మిషను ఆసుపత్రిలో ఆయాగా ఒక అమ్మ చేరితే చెల్లెలి కూతురు నర్సు శిక్షణకు వచ్చింది. బడిలో ఒకరు, రైల్వేలో ఒకరు, ఇట్లా ఎవరున్న చోటికి వారు తమవారికి దారి చూపారు. ఆ రోజుల్లో ప్రభుత్వ రంగ కర్మాగారాల్లో ఖాళీలు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలుపవలెనని 1959 నాటి చట్టం చెప్పింది. ఆ కార్డు పట్టుకుని ఏళ్ళ తరబడి పిలుపు కోసం చూసినవారు మనలో ఉన్నారు. తెలిసిన మనిషి లేనివాడికి ఆ కార్డు ఒక్కటే తెలిసిన మనిషి. కాని దళిత క్రైస్తవులకు ఆ మార్గం కూడా ఇరుకే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం వారు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రారు. ఆంధ్రప్రదేశ్‌లో వారికి వెనుకబడిన తరగతుల 'సి' విభాగంలో నూటికి ఒక్కటి చొప్పున మాత్రమే చోటు దక్కింది. సర్కారు తలుపు అంత సన్నగా తెరుచుకున్నప్పుడు సంఘపు పరిచయం మీద ఆధారపడడం సహజం. అయితే ఆ పరిచయం ఆసుపత్రి, బడి, రైల్వే దాటి పోలేదు. హైటెక్ సిటీ లేచిన నాడు దాని లోపల కూర్చున్న మనిషి మన ఆరాధనలో ఎంతమందికి తెలుసు? వేళ్ళ మీద లెక్కించదగినంతమంది.

బొంబాయి దాదరులో ఇటువంటిదే జరిగింది. మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ కలిసి 2006లో ప్రకటించిన పరిశోధనలో, మిల్లులు మొదలైన పనుల్లో తండ్రులకు గట్టి కులబంధాలున్న కుటుంబాలు మగపిల్లలను మరాఠీ బడికే పంపుతూ వచ్చాయని తేలింది. తండ్రి పని ఎటూ దొరుకుతుందని ధీమా. ఆడపిల్లల కోసం దాచిపెట్టిన పని ఏదీ లేదు. వారిని ఆపేదీ లేదు. కొత్త కాలపు ఉద్యోగాలకు ఇంగ్లీషు అవసరమైనప్పుడు ఆ ఆడపిల్లలు ముందుకు పోయారు. హఫీజ్‌పేటలో తాపీ మేస్త్రీల ఇండ్లలో మేము ఇదే చూశాము. కొడుకు పదో తరగతి దాటకుండానే తండ్రి వెంట పనికి పోతాడు. పని చేతిలో ఉంది గదా. కూతురు డిగ్రీ చదివి, కొండాపూర్ వైపు ఏదో ఆఫీసులో ఫోను ఎత్తే పనిలో చేరి, అక్కడ పరిచయమైన స్నేహితురాలి మాటతో మరొక ఆఫీసుకు మారుతుంది. ఆ స్నేహితురాలు ఏ జిల్లాదో తండ్రికి తెలియదు.

చివరగా 2020 సంగతి. మార్చి నెలాఖరున దేశమంతా మూతపడింది. కట్టడాలు ఆగిపోయాయి. మేస్త్రీలు కొందరు తిండి పెట్టారు, కొందరు ఫోను ఎత్తలేదు. ఒక మేస్త్రీ ఒక్కడి పైనే ఆధారపడినవారికి ఆ నెలలో ఈ పట్నంలో రెండవ మనిషి ఎవరూ తెలియరని తేలిపోయింది. మే నెల ఒకటవ తేదీ తెల్లవారుజామున హఫీజ్‌పేటకు రెండు స్టేషన్ల అవతలి లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హతియాకు ఒక రైలు బయలుదేరింది. అందులో సుమారు 1,200 మంది కార్మికులు. వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి శ్రామిక్ రైలు అదే. సంగారెడ్డి దగ్గర కంది వద్ద కట్టుబడి పనుల్లో ఉన్నవారు అందులో చాలామంది. దారిలో హఫీజ్‌పేట ప్లాట్‌ఫారం మీదుగానే, ఆగకుండా, పోయింది.

కొన్ని నెలలకే వారిలో ఎందరో తిరిగి వచ్చారు. కొందరు బిల్డర్లు వడ్రంగులకు విమానం టిక్కెట్లు కూడా పంపారని ఆనాటి పత్రికలు వ్రాశాయి. టిక్కెట్టు ఎవరికి పంపాలో, ఏ ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడుందో బిల్డరుకు తెలియదు. ఆ జాబితా మేస్త్రీ ఫోనులో ఉంది.